చౌడుకాళ్ల సైన్యం

కంట్లో నల్లచుక్క పెట్టాలంటే ఊపిరి బిగబట్టాలి. గౌతమి బిగబట్టింది. కుంచె మొన బొటనవేలంత బొమ్మ నాయకుడి ముఖం దాకా వెళ్లి, ఆవగింజలో సగం కూడా లేని ఆ తెల్లటి కన్ను ముందు ఆగి, వెనక్కి వచ్చేసింది. చెయ్యి వణుకుతోంది. ఈ చేత్తో చుక్క పెడితే మెల్లకన్ను వస్తుంది, ఇప్పటికే రెండో వరుసలో ఒకడు అలా తయారయ్యాడు, ఎటు తిప్పి నిలబెట్టినా పక్కవాడి గొడ్డలి వైపే చూస్తుంటాడు పాపం, దాన్ని ఎత్తుకుపోదామనుకున్నట్టు. మధ్యాహ్నం రెండు దాటింది. మూడింటికల్లా అక్క వచ్చేస్తుంది, అయిదింటి బస్సుకు మళ్లీ బెంగళూరు వెళ్లిపోతుంది, ఈ బొమ్మల పెట్టె తీసుకుని. పొద్దున అమ్మ ఫోనులో వచ్చిన అక్క గొంతు ఇంకా చెవిలోనే ఉంది. "గౌతమీ, ఫొటో చూసినానే. అబ్బా, ఆ మంచు ఎట్ల చేసినావే? బూట్లకు గూడా అంటుకున్నట్ల భలే వేసినావు. ఈడ అందరికీ చూపిచ్చినా." మంచు. గౌతమి ఆ మాటను నాలుగుసార్లు వెనక్కి జరిపి విన్నది. తర్వాత బొమ్మలు వచ్చిన అట్టపెట్టెను వెలుతురులోకి తెచ్చి దానిమీది బొమ్మను చూసింది. అవును, మంచే. పుట్టినప్పటి నుంచీ అది మంచే అయినట్టు, ఇన్నాళ్లూ తననే చూసి నవ్వుతున్నట్టు ఉంది.

మంచంటే తెలియక కాదు. సినిమాల్లో చూసింది, పాటలో ఉన్నట్టుండి హీరోయిన్‌కు చలి వేసే చోటు అదే. కానీ ఈ బొమ్మలో ఏముంది, బొటనవేలంత మనిషి, అతని కాళ్ల కింద ఇంత నేల, పైన తెల్లగా పొరలు కట్టి, అక్కడక్కడ పగిలి, పగుళ్లలో మట్టిరంగు కనబడుతూ, మధ్యలో రెండు ఎండిన గడ్డిపోచలు. పెరటి తడిక తీస్తే కనబడేదీ అదే కదా. ఎండాకాలం వస్తే వాళ్ల రెండెకరాలు ఇలాగే తెల్లబడతాయి, ఇలాగే పొరలు లేస్తాయి, నడిస్తే పటపటమని పగిలి కాళ్లకు చీలమండల దాకా అంటుకుంటుంది చౌడు. ఉగాదికి వచ్చినప్పుడు అక్క ఈ పెట్టె చేతిలో పెట్టి "కింద నేల గూడా వేయాలమ్మే, అట్ట మింద ఎట్లుందో అట్లే" అంది. అట్లే చేసింది గౌతమి. నలభైమందిని చౌడు మీద నిలబెట్టింది. నలభైమంది బూట్లకూ పొడికుంచెతో చౌడు పూసింది. ఇంకొకడే మిగిలాడు, నాయకుడు, కళ్లు లేకుండా, కాళ్ల కింద నేల లేకుండా.

రేకుల మీద గాలి దొర్లుతోంది. రంగు పళ్లెంలోనే ఎండిపోతోంది, స్టీలు మూతలో తడిగుడ్డ పరిచి దాని మీద రంగు పెట్టుకుంటే గానీ ఈ మే నెలలో ఏ రంగూ రెండు నిమిషాలు ఆగదు. ఇవన్నీ తనకు తానే కనిపెట్టుకుంది. సీసాలో ఉన్న రంగు ఉన్నట్టుగా పూస్తే ముఖాలు మూసుకుపోతాయి, మజ్జిగలా పలుచన చేసి రెండుసార్లు పూయాలి. తర్వాత గోధుమరంగు నీళ్లను గడ్డం మీద వదిలితే అవి వెళ్లి పాయల సందుల్లో నిలుస్తాయి. ఆరాక కుంచెను గుడ్డకు తుడిచి, తుడిచి, ఏమీ లేదనిపించే దాకా తుడిచి, పైపైన ఊపితే పాయల అంచులు మాత్రం తెల్లబడతాయి. అప్పుడొక్కసారిగా ఆ ప్లాస్టిక్ ముక్కకు వయసు వస్తుంది. మొదటిసారి అలా వచ్చినప్పుడు గౌతమి ఒక్కతే ఈ గింజల గదిలో కూర్చుని గట్టిగా నవ్వింది. ఇప్పుడు గింజలు లేవు కాబట్టి గది ఆమెదే. ఒకప్పుడు విత్తనం మూటలు రేకులు తాకేవట, ఆ మూటల మీదెక్కి అక్క దూకేదట.

అందరూ పొట్టివాళ్లే, మోకాళ్ల దాకా గడ్డాలు, చేతుల్లో గొడ్డళ్లు, సుత్తులు. కొండల లోపల తవ్వుకుని బతికే జాతి అని అక్క చెప్పింది. బెంగళూరులో రెండు మంచాలంత బల్ల మీద అట్టతో చేసిన కొండలు పెట్టి, అటొకరు ఇటొకరు సైన్యాలు దించి, టేపుతో కొలిచి జరుపుతూ, పాచికలు వేసి ఎవరు పడ్డారో ఎవరు నిలిచారో తేల్చుకుంటారట. పెద్దవాళ్లేనా అక్కా ఆడేది, అంటే, గడ్డాలున్నోళ్లే, అంది. మందుల కంపెనీ ల్యాబులో చేరిన మొదటి సంవత్సరం అక్కతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. గదిలో ముగ్గురు అమ్మాయిలు, ముగ్గురివీ మూడు ఫోన్లు. ఒక ఆదివారం వానకు తడవకుండా ఈ ఆట ఆడే ఒక షాపులోకి దూరితే, లోపల హీనా అనే అమ్మాయి టేపు ఒక కొస ఇచ్చి "కాస్త పట్టుకో" అందట, ముఖం కూడా చూడకుండా. అక్క పట్టుకుంది. అప్పటినుంచి ప్రతి ఆదివారం పట్టుకుంటూనే ఉంది. హీనాయే తన పాత పెట్టెను అక్కకు ఇచ్చేసింది. కిందటిసారి పందెం పెట్టినప్పుడు అక్క నలభైఒక్కమందినీ తీసుకుపోతే, రంగు వేయని సైన్యం బల్ల ఎక్కకూడదు అన్నారట, మర్యాదగానే అన్నారట. ఆ మాట చెప్పేటప్పుడు అక్క సంగటి ముద్దను వేళ్లతో తిప్పుతూ, పులుసులో ముంచకుండా, అలా తిప్పుతూనే ఉండిపోయింది. రేపు మళ్లీ పందెం.

ఆ తిప్పడం గౌతమికి తెలుసు. అక్క ఏడవదు, ముద్ద తిప్పుతుంది. ఏడో తరగతిలో ఉన్నప్పుడు కూడా ఇలాగే తిప్పింది. అప్పుడు గౌతమికి ఆరేళ్లు, అక్క చెయ్యి పట్టుకుని చేను అడ్డంగా దాటి బడికి వెళ్లేది, రోడ్డు మీదుగా చుట్టు తిరిగి పోతే గంట పట్టేది మరి. బడి మెట్టు ఎక్కేసరికి ఇద్దరి కాళ్లూ తెల్లగా సున్నం పూసినట్టు ఉండేవి. గౌతమి చిన్నది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. అక్కను అన్నారు. చౌడుకాళ్ల అంజలి. హాజరు పిలిచేటప్పుడు వెనక బెంచీ నుంచి చౌడుకాళ్లు, నీళ్ల దగ్గర చౌడుకాళ్లు, కబడ్డీలో కాలు పట్టుకుంటే చెయ్యి దులుపుకుని మరీ చౌడుకాళ్లు. ఆ చేను మొదట అలా ఉండేది కాదు. నాయన బోరు వేయించాడు, నీళ్లు పడ్డాయి, ఊరంతా వచ్చి చూసింది, నాయన తలగుడ్డ తడిపి నెత్తిన పిండుకున్నాడు. నీళ్లు ఉప్పగా ఉన్నాయని తెలిసీ పెట్టాడు, పెట్టక ఏం చేస్తాడు, నాలుగేళ్లు పెట్టాడు, నేల తెల్లబడింది. వేరుశనగ మొలిచి, జానెడు లేచి, పసుపుపచ్చగా పడుకునేది. ఇప్పుడు నాయన వేరేవాళ్ల చేలకు పనికి పోతాడు. అక్క బెంగళూరు పోతూ అన్న మాట ఒకటే, "ఆ చౌడు మొగం నాకింగ చూపిచ్చొద్దండి." ఇంటికి వచ్చిందంటే వాకిట్లో సంచి దించకముందే తొట్టి దగ్గరికి వెళుతుంది. చెంబు తొట్టిలో మునిగే చప్పుడు, కాళ్ల మీద నీళ్లు, మళ్లీ చెంబు, మళ్లీ నీళ్లు, మూడుసార్లు. రోడ్డు మీదుగా వచ్చినా మూడుసార్లే. ఆ చప్పుడు వింటేనే అక్క వచ్చినట్టు.

అలాంటి అక్క సైన్యానికి, అక్క ముచ్చటపడి చూసుకునే నలభైమందికి, తనే చౌడుకాళ్లు చేసి పెట్టింది. కావాలని వెక్కిరించినా ఇంత బాగా కుదరదు.

పొద్దున ఫోను విన్నాక ఒకణ్ని తీసి బ్లేడుతో గీకి చూసింది. జిగురు బండలా పట్టుకుంది, చౌడుతోపాటు బూటు రంగు వచ్చింది, రంగుతోపాటు కాలివేళ్లుండే మొన ఊడింది. గీకడం మానేసి ఆ మొనను మళ్లీ అతికించి, ఎవరూ వినకుండా అతనికి క్షమాపణ చెప్పింది. చెప్పకపోతే? అక్క మంచు అనుకుంది, హీనా మంచు అనుకుంది, మంచుగానే ఉండనీ. డైరీలో "అక్కకు చెప్పాలి" అని రాసింది, కొట్టేసింది, కింద "చెప్పకూడదు" అని రాసింది, దాన్నీ కొట్టేసింది. ఆ పేజీకి ముందు పేజీల నిండా వీళ్ల పేర్లే. బడిలో సార్ అడిగితే తల వంచుకుని నిలబడే గౌతమి ఈ నలభైమందితో మాత్రం తెగ మాట్లాడుతుంది. జెండా పట్టుకున్నవాడు కుళ్లాయప్ప తాత, పీర్ల పండుగలో పీరు ఎత్తుకున్నప్పుడు తాత మెడ సరిగ్గా ఇలాగే వెనక్కి వాలుతుంది, అందుకని ఇతని గడ్డానికి తాత గడ్డంలాగే కింద పసుపుపచ్చగా, పైన తెల్లగా వేసింది. పొట్ట ముందుకు తోసి నిలబడ్డవాడు కదిరి బస్సు కండక్టరు గంగప్ప, "ముందుకు జరగండప్పా" అంటున్నట్టే ఉంటాడు. నోరు పెద్దగా తెరిచి అరుస్తున్నవాడికి లక్ష్మక్క అని పేరు పెట్టింది. గడ్డం ఉంటే ఏం, వీధి కుళాయి దగ్గర ఆమె నోరు అదే. నేల మన చేనిదని అక్కకు చెప్పకపోతే ఈ ఊరి పేర్లన్నీ కూడా దాచాలి. ఒక అబద్ధం దగ్గర ఎన్నింటిని కూర్చోబెట్టాలో. అక్కతో గౌతమి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు, అసలు ఎవరితోనైనా ఎక్కువ మాట్లాడితే కదా అబద్ధం అవసరమయ్యేది.

ఇంకా నాయన సంగతి ఉంది. కుంచె నీళ్లలో కడుగుతూ గౌతమి కిటికీలోంచి చూసింది. నాయన ఎర్రిస్వామి వాకిట్లో మంచం మీద పక్కకు తిరిగి పడుకున్నాడు, నిద్రపోలేదు, కాలు ఆడిస్తున్నాడు, కూతురు వచ్చే రోజు ఆయన నిద్రపోడు. మొదట్లో ఈ బొమ్మలను దూరం నుంచే చూసేవాడు. ఒకరోజు వచ్చి గొంతుకూర్చున్నాడు.

"ఇవి కొట్లాడుతాయా పాపా?"

"ఊఁ."

"ఎవురితో?"

"అవతల ఇంగో సైన్యం ఉంటాది నాయనా."

"దేనికంట కొట్లాట?"

"కొండ కోసం."

"కొండకా?" నాయన వంగి బొమ్మల చేతుల్లోని గొడ్డళ్లను చూశాడు. "దాన్ని గెలిచి ఏం చేసుకుంటారమ్మా, ఆడ బండలు తప్ప ఏముంటాయి."

మర్నాడు పురుగుమందు సీసాల పాత మూతలు నలభైఒకటి ఏరి, బూడిదతో తోమి, ఎండబెట్టి తెచ్చాడు, ఒక్కో బొమ్మను ఒక్కో మూత మీద అతికించి పట్టుకుంటే రంగు చేతికి అంటదని ఆయనకే తోచింది. నేల వేయాల్సి వచ్చినప్పుడు గౌతమి అడిగింది, "నాయనా, మన చేన్లో మన్ను కావల్ల, తెల్లది." నాయన ముఖం ఒక్క క్షణం గట్టిపడింది. "ఆ మన్ను దేనికి పాపా, ఎవురికీ పనికిరాని మన్ను." "నాకు పనికొస్తాది" అంది గౌతమి. అంతే. తెల్లవారకముందే వెళ్లాడు. వచ్చేసరికి స్టీలు డబ్బా నిండా చౌడు, పైపొర మాత్రమే గీరినది, టీ జాలితో రెండుసార్లు జల్లించినది, పిండిలా ఉంది. చాలా ఏళ్ల తర్వాత ఆ చేనిలోంచి నాయన ఇంటికి తెచ్చిన పంట అది. డబ్బా ఇస్తూ నవ్వలేదు గానీ, "చాలకపోతే చెప్పు, ఇంగా ఉండాది" అన్నాడు, ఉన్నవాళ్లు అనేలాగా. ఇప్పుడు అక్క వచ్చి ముఖం తిప్పుకుంటే? ఇది గీకెయ్యి అంటే? అక్క ముద్ద తిప్పుతుంటే చూడటం గౌతమి వల్ల కాదు, నాయన డబ్బా వెనక్కి తీసుకుపోతుంటే చూడటమూ కాదు. ఇద్దరి మధ్యా ఈ గడ్డాలవాళ్లు నిలబడి ఉన్నారు. నలభై గొడ్డళ్లు, సుత్తులు పట్టుకుని ఒక్కరూ ఏమీ చేయలేకుండా.

డబ్బా మూత తీసే ఉంది. నాయకుడి కింద గుండ్రటి బిళ్ల నల్లగా, ఖాళీగా ఉంది. జిగురు పూసి చౌడు చల్లడానికి రెండు నిమిషాలు చాలు, చెయ్యి పోవడం లేదు. పోనీ ఉప్పు వేద్దామా? దూది? నలభైమంది ఒక నేల మీద, నాయకుడొక్కడు వేరే నేల మీదా? అతన్ని నిలబెట్టి చూసింది. పెద్ద నడికట్టు, వెనక్కి ఎగిరే ఎర్రటి శాలువా, ఆ ఎరుపు కోసం మూడు రోజులు తిప్పలు పడింది, చివరికి అక్క పాత ఓణీని పక్కన పెట్టుకుని చూస్తూ కలిపితే కుదిరింది. కళ్లు లేని ముఖం. కళ్లు పెడితే మొట్టమొదట ఏం చూస్తాడో, తన వెనక వాళ్ల కాళ్లు చూసి ఏమంటాడో.

కుక్క మొరిగింది. రోడ్డు వైపు కాదు, పెరటి వైపు. తడిక కిర్రుమంది. ఆ వైపు నుంచి వచ్చేదెవరు? వాకిట్లో మంచం చప్పుడు, నాయన లేచి ఇంటిపక్క సందులోంచి పరుగులాంటి నడకతో వెళ్లడం, "వచ్చినావా తల్లీ" అనడం. గౌతమి కుంచె పట్టుకునే చెవులు రిక్కించింది. ఇప్పుడు చెంబు. ఇప్పుడు మునగాలి. కాళ్ల మీద నీళ్లు పడాలి, ఆ మూడు చెంబుల్లోపల ఏదో ఒకటి తేల్చుకోవాలి, చెప్పాలా, వద్దా. నీళ్ల చప్పుడు లేదు. సంచి గోడకు ఆనిన చప్పుడు వచ్చింది. ఇంకా నీళ్ల చప్పుడు లేదు. తలుపు దగ్గర వెలుతురు తగ్గింది.

అక్క గుమ్మంలో నిలబడి ఉంది, చెమటతో, జుట్టు రేగి. నేల మీద చెక్కపలకపై వరుసల్లో నిలబడ్డ నలభైమందిని చూసి మెల్లగా వాళ్ల ముందు కూలబడింది, చంటిపిల్లల దగ్గర కూర్చున్నట్టు. ఫొటోలో చూడటం వేరు. ఒకణ్ని ఎత్తింది. మెల్లకన్నువాణ్నే ఎత్తింది. తిప్పి చూసింది, కింద బొటనవేలితో రాసింది, ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది, ఆ తర్వాత నాలుక కొసకు తాకించింది. గౌతమికి లోపల పేర్చుకున్న మాటలన్నీ కూలిపోయాయి, ఒక్కటే బయటికి వచ్చింది.

"మంచు కాదక్కా."

గుమ్మం దగ్గర నాయన వచ్చి నిలబడ్డాడు. అక్క తల తిప్పకుండానే, "నువ్వే ఇచ్చినావా నాయనా?" అంది.

"పాప అడిగింది" అన్నాడు నాయన. "పనికొస్తాదని." తప్పు చేసినవాడిలా తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. ఎవరితోనూ కాదు, ఆ బొమ్మలతోనే అన్నట్టు అన్నాడు, "ఏండ్ల నుంచి ఆ చేన్లో ఒక మొక్క నిలబడలేదు. వీళ్లు నిలబడినారు చూడు."

అక్క భుజాలు కదిలాయి. ఏడుస్తోందా, అక్క ఏడవదే, గౌతమి వంగి చూసింది. నవ్వుతోంది. కళ్లు తడిగా ఉన్నాయి గానీ నవ్వుతోంది. "వీనికి మెల్లకన్ను పెట్టినావు గదే దొంగమొగమా. ఎవుడు వీడు?"

"పేరు పెట్టలేదు. జెండా పట్టుకున్నాయన కుళ్లాయప్ప తాత."

"అవునే!" అక్క అతన్ని చూసి, గంగప్పను తనే గుర్తుపట్టి, లక్ష్మక్క దగ్గర పొట్ట పట్టుకుంది. అంతలోనే నవ్వు ఆపి, వేలికి మిగిలిన తెలుపును చూసుకుంది. "బెంగళూర్లో వాన పడతాండాది. ఇది చెమ్మకు నానుతాది కదా నాయనా?"

"నానుతాది" అన్నాడు నాయన. అబద్ధం చెప్పడం ఆయనకూ రాదు. "నల్లబడి కరుగుతాది."

"కరిగితే కరగనీలే. మంచు మాత్రం కరగదా ఏంది." అక్క చెయ్యి చాపి నాయకుణ్ని మూతతోపాటు అందుకుంది. "ఈయప్ప కాళ్ల కింద ఏం లేదేమే?"

గౌతమి డబ్బా వైపు చూసింది, అంతే. చూపు చాలు అక్కకు. ల్యాబులో పనిచేసే వేళ్లతో జిగురు పలుచగా పూసి, డబ్బాలో చెయ్యి పెట్టి, చిటికెడు చౌడు తీసింది. తీసి ఒక్క క్షణం అలాగే పట్టుకుంది, ఆ క్షణంలో గౌతమి అక్కను చూడలేక కిందికి చూసింది, చూసినప్పుడు అక్క కాళ్లు కనబడ్డాయి. చీలమండల దాకా తెలుపు. వేళ్ల సందుల్లో పొరలు. చెప్పులు లేవు, గుమ్మం బయట ఉన్నాయేమో.

"ఆటో రోడ్డు మిందనే దించేసినాడు" అంది అక్క, అడగకముందే. "రోడ్డెంబడి వస్తే అరగంట. నాకు తొందరగా చూడల్లని. చేన్లో అడ్డం పడి వచ్చినా." చిటికెలోని చౌడును నాయకుడి కాళ్ల చుట్టూ రాల్చింది, ఊదింది, ఇంకొంచెం బూట్ల మీద కూడా అద్దింది. "రేపు అడుగుతారే, యా నేల ఇది, యా దేశం సైన్యం అని. చౌడుకాళ్లోళ్లు అని చెప్తా. హీనా ఆ పేరే రాసుకుంటాది గూడా."

లోపలినుంచి అమ్మ, వచ్చిన పిల్ల కాళ్లు కూడా కడుక్కోకుండా ఆ బొమ్మల దగ్గర కూర్చుందేమని అరుస్తోంది. "కడుక్కుంటాలేమ్మా" అని అక్క కూడా అరిచింది, లేవలేదు, నాయకుణ్ని గౌతమి వైపు జరిపి మూతను రెండు చేతులా కదలకుండా పట్టుకుంది. గౌతమి కుంచెను పెదాల మధ్య తడిపింది. నల్లరంగు అంటించింది. ఊపిరి బిగబట్టాలన్న సంగతి గుర్తు రాలేదు. ఒక చుక్క. పక్కనే ఇంకొకటి. రెండు కళ్లూ ఒకే వైపు చూస్తున్నాయి, సూటిగా, కొంచెం కిందికి, పలకకు ఆవల గచ్చు మీద ముడుచుకుని ఉన్న రెండు తెల్లటి పాదాల వైపు.